పెర్త్‌కు ఎవరు దగ్గర?

ఈ వయసులో పాస్‌పోర్ట్ ఎందుకమ్మా అని నువ్వు సుత అడగవడితివా, సదాశివ బాబూ! ఈ మల్కాజ్‌గిరిలో అడగనోళ్లు ఎవరూ మిగల్లే. పోలీస్ ఎంక్వైరీ అంటే ఇల్లు చూసి పోతరనుకున్న.

సరే, కూసో. చాయ్ తాగు. అరె, డ్యూటీలో ఉంటే ఏందీ, చాయ్ లంచమైతదా?

కాంతమణి అని ఒకతి ఉంది. అది, నేను, హదస్సా... సికింద్రాబాద్‌లో టీచర్ ట్రైనింగప్పుడు ముగ్గురం ఒకటే రూము. ఇప్పుడు అది జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటది. హదస్సా ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో. నేనే, ఇగో, ఇక్కడ.

పోయినేడు జూలైలో హదస్సా భర్త సామ్యూల్ పోయిండు. కాంతమణి విమానమెక్కి వాలింది. నెల రోజులుంది. పక్కన కూర్చొని అన్నం తినిపించిందట, తల దువ్విందట. హాస్టల్లో రెండేళ్లు హదస్సాకు జడలేసింది ఎవరు బాబూ? నేను కాదా?

పైగా ఫోటో పంపింది. చూడు, చూడు. జూలైలో అక్కడ చలికాలం. కాంతమణి ఒంటి మీద స్వెటరుంది చూసినవా? అది నేను అల్లిన. హదస్సా కోసం అల్లిన. మెడ కాడ తప్పితే రెండుసార్లు విప్పి మళ్లా అల్లిన!

ముప్పై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినదాన్ని, ఊరుకుంటనా? గ్లోబు దించి దారం పెట్టి కొలిచిన. జోహన్నెస్‌బర్గ్ నుంచి పెర్త్‌కు ఎనిమిది వేల మూడొందల కిలోమీటర్లు. మన హైదరాబాద్ నుంచి ఆరువేల ఎనిమిది వందలు గూడ లేదు. రెండు వేళ్ల దారం నేనే దగ్గర! నమ్మవా? పట్టు ఈ కొస.

కానీ గంటలు చూస్తే వేరే కథ. దానికి నేరుగా విమానముంది, తొమ్మిదిన్నర గంటలు. నేనైతే సింగపూర్‌లో దిగి, పడిగాపులు పడి, ఇంకోటెక్కాలె. పద్నాలుగు గంటలు. దగ్గరున్నది నేను, ముందు చేరేది అది. ఇదెక్కడి న్యాయం?

అటు పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తదట. గాలి సుత దాని పక్షమే! తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎదురుగాలికి పదకొండు గంటలు పట్టి, కాళ్లు వాచినయని మెసేజ్ పెట్టింది. 'అయ్యో పాపం' అని రాసిన. రాసి, చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేసుకున్న. నవ్వకు!

ఏందీ? హదస్సా నన్నెందుకు పిలవలేదనా?

పెన్ను కింద పెట్టు, చెప్త. ఇది రాయకు.

పిలిచింది బాబూ. మొదలు ఫోన్ నాకే చేసింది. సామ్యూల్‌ను ఇంకా సమాధి గూడ చేయలే. 'జ్ఞానమణీ, వస్తవా? కాగితాలన్నీ మా బిడ్డ చూసుకుంటది, ఎన్నాళ్లయినా ఆగుత' అన్నది. నాకు విమానమంటే వణుకు. అరవై ఏళ్ల మనిషిని, ఆ మాట నోట రాలే. 'మా తమ్ముని బిడ్డ పెళ్లుంది, తీరదు' అన్న.

మా తమ్మునికి పిల్లలు లేరు. ఆ సంగతి హదస్సాకు తెలుసు.

'మంచిగ చేయండి పెళ్లి' అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాతే కాంతమణికి చేసింది.

ఏడాదైంది, మళ్లా రమ్మనలే. పాస్‌పోర్ట్ వస్తే మాత్రం ఏం మొహం పెట్టుకొని పోత? ఏమో. ముందైతే రానీ.