ఐస్ పెట్టెలో సాక్షి

కొరుక్కుపేటలో ఒంటిగది ఇల్లు. వాకిట్లో షామియానా, డప్పులు. గది నడుమ శవాన్ని పెట్టే అద్దం మూత ఐస్ పెట్టె. దాంట్లో నుదుట విభూతితో, ప్రాణంతో, వరదయ్య. పక్కన అతని పెళ్ళాం జయంతి.

"ఏమే, ఈ ఫోటో తప్ప ఇంకోటి దొరకలేదా నీకు?"

"నోరు మూసుకోని పండుకోవయ్యా. చచ్చినోడికి ఫోటో గొడవెందుకు?"

"అది రేషన్ కార్డు ఫోటోనే! దాంట్లో కోళ్ళ దొంగ మాదిరి ఉంటా నేను. దాన్ని ఇంతింత పోస్టర్లేసి వీధంతా అంటిస్తివి. కింద 'కన్నీటి అంజలి' అంట. ఆ మొఖం చూసి ఎవుడు కన్నీళ్ళు పెడతాడే?"

"టీ అంగడి నాయరు పెట్టినాడు."

"వాడు ఉల్లిగడ్డలు తరగతా ఉండింటాడు."

"సుమ్మా ఉండవయ్యా, అరవబాకు! ఎవురన్నా వింటే?"

"ఊపిరాడటంలే. మూత కొంచెం ఎత్తి పెట్టు. ఐస్ ప్లగ్గు మాత్రం పెట్టబాకు, నాకు అసలే ఆయాసం."

"ఏడ పెట్టేది? ఇంట్లో ఉండేది ఒకే ఒక ప్లగ్గు. దాంట్లో నీ ఫోను ఉండాది."

"ఇదంతా ఎందుకే జయంతీ? సోమవారం కోర్టుకు పోతా, జరిగింది చెప్తా, వచ్చేస్తా."

"ధర్మలింగమన్న కూడా అట్నే అన్న్యాడు. పెరంబూరులో రైలు కింద పడినాడు."

"వాడికి చూపు తక్కువ."

"చంద్రన్న? మనలిలో గోడ వారన నిలబడుండే మనిషిని వెతుక్కోని వచ్చి గుద్దింది టాంకరు లారీ. లారీకి కూడా చూపు తక్కువా?"

"సరే, సరే."

"ఏం సరే? సిలోన్ యుద్ధంలో ఆ రాత్రి చూసినోళ్ళు ముగ్గురు. ధర్మలింగం, చంద్రు, నువ్వు. కేసు పడినాక ఇద్దరు పోయినారు. ఇద్దరి చావుకీ అందరికన్నా ముందు గులాబీ దండ పట్టుకోని వచ్చిందెవురు?"

"మేజర్ సీతారామారావు సారు."

"పెళ్ళాలకే తెలియని చావు ఆయనకెట్ట తెలిసింది?"

"నేను పోయి పోలీసులకి చెప్తే ఏమన్న్యారు? పతకం వచ్చిన పెద్దమనిషి మీద పట్టాళం వంటోడు చెప్తే ఎవుడు నమ్ముతాడు, పోయి ఇంకో సాక్షిని పిల్చకరా అన్న్యారు. ఇంకో సాక్షి ఉంటే నేనెందుకు వణకతా? ఈ దేశంలో వంటోడు చెప్పింది నమ్మేది ఆకలేసినప్పుడే."

"అందుకే సోమవారం దాకా చచ్చిపోయి ఉండు. చచ్చినోణ్ణి ఎవురూ చంపరు."

"సోమవారం కోర్టులో నా పేరు పిలిస్తే? స్వర్గీయ వరదయ్య హాజరండీ అనేదా?"

"అక్కా! జయంతక్కా! ఒప్పారి ఏడుపు పాట పాడేదానికి చిన్నపొన్నుని వచ్చినా!"

"అమ్మయ్యో, కళ్ళు మూసుకో. రా చిన్నపొన్నూ, లోపలికి రా."

"అయ్యో, అన్నా! మొఖంలో ఎంత కళక్కా! బతికుండేటప్పుడు ఇంత కళ లేదే!"

"చావు వచ్చింది కదా, తెల్లబడినాడు."

"మైకుసెట్టు తెచ్చినా. గొట్టం టీ అంగడి స్తంభానికి కట్టిస్తిని. వీధి చివర దాకా జామ్మని వినపడతాది. ప్లగ్గు ఏడక్కా?"

"ఆ మూల. ఫోను పీకేసి పెట్టుకో. ఏం పాడతావు?"

"అన్నని పొగడద్దా? పట్టాళానికే వండి పెట్టిన రాజా, బిరియానీ చేసిన చెయ్యి బూడిదైపోయనే రాజా... అట్ట. సాంబారు గురించి కూడా పాడేదా?"

"సాంబారు వద్దు. జనం నవ్వుతారు."

"పెట్టెలో ఏదో చప్పుడైనట్టుందక్కా?"

"ఎలక. ఆ కారెవురిదో చూడు చిన్నపొన్నూ."

"తెల్ల మీసాల పెద్దాయన దిగతా ఉండాడు. చేతిలో గులాబీ దండ."

"నువ్వు పోయి టీ తాగిరా. మైకు ఆడనే తలకాడ పెట్టు. డప్పులోళ్ళని కూడా కాసేపు ఆపమను. పెద్దాయన దండ వెయ్యనీ."

"సరేక్కా."

"ఏమే, పోయిందా? వచ్చింది వాడేనా? నా సాంబారుకేమైందే? జనం ఎందుకు నవ్వుతారు?"

"వచ్చింది ఆయనే. సాంబారు సంగతి తర్వాత."

"నాకు తుమ్ము వస్తాంది."

"చచ్చినా తుమ్మబాకు."

"వరదయ్యా! ఎంత పని చేశావయ్యా!"

"రండి మేజర్ సార్. తమరికి ఎవురు చెప్పినారు?"

"ఏమిటీ? దగ్గరికొచ్చి చెప్పమ్మా. ఫిరంగుల మోతకి చెవులు పోయాయి. పక్కన నిలబడి అంటే తప్ప వినపడదు."

"ఎవురు చెప్పినారు అంటా ఉండా!"

"ఓ, అదా. పోస్టరు చూశాను."

"తమరుండేది అడయారు కదా సార్. పోస్టరు అంటించింది మా వీధిలోనే."

"అంటే, ఇలా వస్తూ చూశాను. ఎలా పోయాడు?"

"నిద్దట్లో సార్."

"నిద్రలోనా? ఆశ్చర్యంగా ఉందే. ఆదివారం దాకా ఉంటాడనుకున్నాను."

"ఆదివారం ఏముంది సార్?"

"ఏమిటీ? వినపడలేదు. పోయే ముందు ఏమైనా అన్నాడా?"

"ఏం అనలేదు సార్. సిలోన్లో ఆ కాంపౌండరు గురించి మాత్రం కలవరించినాడు."

"ఏ కాంపౌండరు? నేను కాల్చింది శత్రువుని! దానికి పతకం ఇచ్చారు!"

"నాకేం తెలుసు సార్, వేలిముద్ర దాన్ని. చెప్పేవాళ్ళు ముగ్గురూ పోయిరి. ఇప్పుడు ఈడ తమరు, నేను, ఈ శవం. మా అత్త అంటా ఉండేది, మనసులో ఉండేది శవం కాడ చెప్పుకుంటే దాంతోపాటే కాలిపోతాదని."

"కాలిపోతుందా?"

"బూడిద కూడా మిగలదు సార్."

"ముగ్గురూ పోయారు. అవును. వరదయ్యా, విను. అంతా నీ సాంబారు వల్లే వచ్చిందిరా! ఆ రాత్రి క్యాంపు క్యాంపంతా చెంబులు పట్టుకుని పరిగెత్తింది. నేను పొద చాటున కూర్చుని ఉన్నాను. చీకటి. ఎవడో పెట్టె పట్టుకుని నా మీదికే వస్తున్నాడు. లేవలేను, అరవలేను. బాంబేమోనని కాల్చేశాను."

"పెట్టెలో ఏముండింది సార్?"

"విరేచనాలు ఆగే మాత్రలు. మా అవస్థ విని ఊళ్ళో కాంపౌండరు మాకోసమే తెచ్చాడు."

"అయ్యో పావం."

"నాకు మాత్రం పాపం అనిపించలేదా? కానీ మేజరు పొదలో కూర్చుని కాంపౌండరుని కాల్చాడని పైకి రాసుకుంటాడా? శవం పక్కన తుపాకి పెట్టించాను. పెద్ద పోరాటం జరిగిందన్నాను. చూసింది ఈ ముగ్గురే."

"మరి ధర్మలింగమన్న, చంద్రన్న ఏం పాపం చేసినారు సార్?"

"ఆ కాంపౌండరు కూతురు ఇన్నేళ్ళకి వచ్చి కేసు వేసింది. వీళ్ళు సాక్ష్యం చెప్తామన్నారు. ఒకణ్ణి తోయించాను, ఒకణ్ణి గుద్దించాను. వీడికి ఆదివారం గ్యాసు సిలిండరు అనుకున్నాం. వంటవాడు కదా, అతికినట్టుంటుంది."

"ఆదివారం నేను కూడా ఇంట్లోనే ఉంటానే సార్!"

"ఏమిటీ? వినపడలేదు. ఏదైతేనేం, శ్రమ తప్పించాడు. నా జీవితానికి పట్టిన పీడ అంతా ఆ ఒక్క గరిటె సాంబారు. కుళ్ళిన సాంబారు!"

"కుళ్ళింది సాంబారు కాదు సార్! తమరు పంపించిన పప్పు!"

"ఎవరమ్మా మాట్లాడింది?"

"ఎలక సార్. పండుకోవయ్యా!"

"ఎట్ట పండుకునేదే? పుచ్చు పప్పు పంపించి సాంబారుని అంటాడా? చంపితే చంపనీ! పప్పు వద్దు సార్, పురుగులుండాయి అని ఆ పొద్దు మొత్తుకుంటిని! ఉడికితే పురుగు పప్పే అన్న్యాడే ఈయన!"

"ఓహో. వరదయ్యా, చావు నీకు బాగా కలిసొచ్చినట్టుంది. గొంతు పెరిగింది. లేవకు, లేవకు. మూత మీద నేను కూర్చుంటున్నాను."

"సార్! సందు మూసుకుపోతాంది సార్! ఊపిరి..."

"సార్, లేవండి సార్! ఆయనకి ఆయాసం!"

"కేకలు వెయ్యకు తల్లీ. గుమ్మంలో నా డ్రైవరున్నాడు. లారీ తోలింది వాడే. నేను చెయ్యాల్సింది నువ్వేం మిగిల్చావు? చచ్చాడని పోస్టరు వేసింది నువ్వు. డప్పులు పెట్టించింది నువ్వు. పెట్టె తెప్పించింది నువ్వు. ఇంక చల్లగా పోతాడు. సోమవారం కోర్టులో సాక్షి ఉండడు."

"జయంతీ... ఏదన్నా చెయ్యవే..."

"బయట జనమంతా కిటికీ వైపే చూస్తున్నారేం?"

"పెద్దమనిషి వచ్చినారు కదా సార్, చూస్తారు."

"చూడనీ. ఈ పెట్టెకి కరెంటు పెట్టలేదేం? ప్లగ్గు ఎక్కడ?"

"చెప్పబాకే జయంతీ!"

"చెప్తాలే, నువ్వు సుమ్మా ఉండు. ఆ మూల ఉండాది సార్, ఇంట్లో అదొక్కటే. తమరి డ్రైవరుని పిలవబాకండి, కారు కూడా ఈడనే వదిలేసి ఎప్పుడో పరిగెత్తినాడు. ముందు ఆ ప్లగ్గులో ఉండే చిన్నపొన్ను మైకుసెట్టు పీకండి, తమరు చెప్పిందంతా పొద కాడ్నుంచి పప్పు దాకా టీ అంగడి కాడ వీధి వీధంతా నిలబడి వినింది."