అరటిపండ్ల మర్యాద

హుజూరాబాద్ షెడ్డులో పాత కారు కింద దూరి చూస్తున్న మిస్త్రీని, దాన్ని కొనబోయే పెద్దమనిషి అడుగుతున్నాడు.

“అవ్వను ఎములాడ గుడికి తీస్కపోవాలె. బండి ఎట్లున్నది మిస్త్రీ?”

“గేరుపెట్టెల అరటిపండ్ల గుజ్జున్నది పటేలా.”

“పూజ చేసిండేమో. అమ్మేటాయన శానా భక్తిపరుడు.”

“పూజకైతే బయట పెడ్తరు. లోపల కుక్కితే అరిగిన గేర్లు రెండు దినాలు సప్పుడు చెయ్యయి. మూడోనాడు బండి తొవ్వల ఆగుతది.”

“నేను చూడవోతే నాకు సుత నాలుగు పండ్లు పెట్టిండు. ఆయనింట్ల తిని, మళ్ల ఆయన బండి మీద అనుమానం ఎట్ల పడుదునని ఊకున్న.”

“గేరుకు పెట్టిండు, నీకు పెట్టిండు. ఇద్దరూ సప్పుడు చెయ్యలే.”

“ఇగ అవ్వను బస్సులనే తీస్కపోత. ఆ డ్రైవరు నాకెన్నడు ఏం పెట్టలే.”