సదానందం వేలికి పెట్టిన యంత్రం

నా పేరు కొలిపాక తిరుమల, భర్త పేరు సదానందం, వయసు ముప్ఫై ఎనిమిది, వృత్తి బట్టలు కుట్టడం, నివాసం సెంటినరీ కాలనీ. ఎస్సై గారు అడిగినందున జరిగింది చెబుతున్నాను.

నా భర్త బొగ్గు గనిలో కాంట్రాక్టు డ్రైవరు. మే నెల పద్నాలుగో తేదీ మధ్యాహ్నం గాలివాన వచ్చింది. వంటగది మీది రేకు లేచిపోతుంటే రాయి పెట్టడానికి పైకెక్కి, జారి, బట్టలుతికే బండ మీద పడ్డాడు. పైకి గాయం లేదు. కాసేపటికి కడుపు పట్టుకుని కూలబడ్డాడు. ఆటోలో గోదావరిఖనిలోని ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లాను.

డాక్టర్ అనసూర్య గారు చూసి, లోపల ప్లీహం పగిలి రక్తం కారుతోందని, వెంటనే ఆపరేషన్ చేయాలని అన్నారు. అంతలో కరెంటు పోయింది. జనరేటరు కొద్దిసేపు తిరిగి ఆగిపోయింది. పెద్ద దవాఖానకు వెళ్లే దారిలో చెట్లు పడ్డాయి.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచారు. ఆమెతో హర్షిణి అనే అమ్మాయి ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది, ఆ పని మీదే ఆ రోజు దవాఖానకు వచ్చింది. ఆమె చేతిలో వేలికి పెట్టే క్లిప్పు, దానికి తీగతో కలిపిన పలుచటి గోధుమరంగు సోలార్ ఫలకం ఉన్నాయి. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో క్లిప్పు చూపుతుందని, ఫలకం కొత్త రకం పదార్థంతో చేసినది కాబట్టి ఎండ లేకున్నా కిటికీ వెలుతురుతో నడుస్తుందని, కరెంటు సరిగా లేని దవాఖానల కోసం చవకగా తయారు చేస్తున్నామని చెప్పింది.

"బాగున్నోళ్ల వేళ్లకే పెట్టి చూసినం అక్కా. ఆపరేషన్ల ఇంకా ఎన్నడు పెట్టలే" అంది.

"ఆక్సిజన్ చూపే మా మానిటరు బ్యాటరీ పనిచేయడం లేదమ్మా" అన్నారు డాక్టరమ్మ.

"ఇది పెట్టకపోతే ఏమైతది?" అని అడిగాను.

"నాడి చూసుకుంటూ చేస్తాం. ఆక్సిజన్ పడిపోతే ఆలస్యంగా తెలుస్తుంది."

"పెడితే?"

"ముందే తెలియొచ్చు. తప్పు చూపినా చూపొచ్చు."

"ముందుగాల నా వేలుకు పెట్టుండ్రి" అన్నాను. పెట్టారు. చెయ్యి అటూ ఇటూ కదిపి చూశాను, అంకె మాత్రం కదలకుండా నిలబడింది. "సరే, ఆయనకు పెట్టుండ్రి" అన్నాను.

ఫలకాన్ని కిటికీలో పెట్టి, టార్చిలైట్ల వెలుతురులో ఆపరేషన్ చేశారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మధ్యలో మబ్బు కమ్మింది. "మేడం, నంబరు పోయింది" అని హర్షిణి గొంతు వినబడింది. "నాడి ఉంది, కానివ్వండి" అన్నారు మత్తు డాక్టరు. తర్వాత మబ్బు తేలి మళ్లీ నంబరు వచ్చింది. బాగా తగ్గి ఉందని, ఊపిరి గొట్టం సరిచేయమని లోపల అందరూ ఒక్కసారే మాట్లాడారు.

నా భర్త బతికాడు. మాట మాత్రం తడబడుతోంది. నా పేరు కూడా వెతుక్కుని పిలుస్తున్నాడు.

మరుసటి రోజు హర్షిణి తనంతట తానే మా దగ్గరికి వచ్చింది. "మధ్యల నంబరు కనబడలే అక్కా. అప్పుడు ఆక్సిజన్ ఎంతున్నదో నాకు ఎర్కలేదు" అని చెప్పి ఏడ్చింది. అప్పుడు మా బావ రాయమల్లు అక్కడే ఉన్నాడు. "మా తమ్ముని మీద ప్రయోగం చేసిండ్రు. ఇంటోళ్లను అడగనే లేదు" అని కేసు పెట్టాడు. నా భర్తను పెంచింది ఆయనే. ఇప్పుడు రోజూ పొద్దున్నే వచ్చి తమ్ముడితో ఒక్కొక్క మాట పలికిస్తూ కూర్చుంటాడు. ఆయన కోపం అబద్ధం కాదు.

ముందే రక్తం ఎక్కువ పోయినందువల్ల మాట దెబ్బతిన్నదని డాక్టరమ్మ అంటున్నారు. యంత్రం వల్లేనని బావ అంటున్నాడు. తెలియదని హర్షిణి అంటోంది. నాకూ తెలియదు. ఆ యంత్రం లేకపోతే ఆయన ఉండేవాడా అన్నదీ తెలియదు. కుట్టు మిషన్ మీద కూర్చున్నా అదే ఆలోచన. హర్షిణి వచ్చి చెప్పకుండా ఉంటే ఈ కేసే ఉండేది కాదు.

ఈ వాంగ్మూలం నాకు చదివి వినిపించినప్పుడు "డాక్టరు మాటకు భయపడి ఒప్పుకున్నాను" అని ఉంది. దాన్ని కొట్టేయించాను. భయపడ్డాను, అది రాసుకోండి. ఒప్పుకున్నది మాత్రం భయంతో కాదు. దిద్దాక మళ్లీ చదివించుకున్నాను. ఇందులో ఉన్నవి నేను చెప్పిన మాటలే, ఎవరూ చెప్పించినవి కావు. ఇంటివాళ్లను అడిగారు. నన్ను అడిగారు.

(సంతకం) కొలిపాక తిరుమల