ఖాళీ అని నేను అనలేదు

నా పేరు షేక్ బుష్రా. తండ్రి జహంగీర్, ఇప్పుడు లేరు. వయసు 25 ఏళ్లు. చరిత్రలో ఎం.ఏ. చదివి, తర్వాత పాత వస్తువులను భద్రపరిచే పనిలో డిప్లొమా చేశాను. నివాసం ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా. వృత్తి పాతకాలపు సైనిక ఆయుధాలను శుభ్రం చేయడం, పాడైపోకుండా నిలబెట్టడం. పోలీస్ స్టేషన్‌లో రాసుకున్న కాగితంలో నా వృత్తి ఇంటి పని అని ఉంది. అది తప్పు. ఆడపిల్లకు తుపాకుల పనేంది అని నన్ను అక్కడ అడిగారు. నేను చదువుకున్నది అదే కాబట్టి అని చెప్పాను. అది మాత్రం రాసుకోలేదు.

11-10-2025 శనివారం నాడు మా అన్న సయీద్‌కు జరిగినదాని గురించి ఈ రోజు 16-10-2025న మేజిస్ట్రేట్ గారి ఎదుట చెబుతున్నాను.

నేను గత ఏడాది జూన్ నుంచి రఘునందన్ రెడ్డి గారి దగ్గర పని చేస్తున్నాను. ఇబ్రహీంపట్నం నుంచి మంచాల వెళ్లే దారిలో వారికి తోట, తోటలో ఇల్లు ఉన్నాయి. ఆ ఇంటి హాలులో గోడ నిండా పాత సిపాయిల తుపాకులు ఉంటాయి. రెండు వాళ్ల వంశానివి. మిగతావి ఆయన ఇరవై ఏళ్లుగా పాత నవాబుల దేవిడీల నుంచి, వేలం పాటల నుంచి తెచ్చుకున్నవి. ఇవి కాల్చడానికి పనికిరాని పురాతన వస్తువులని ఆయన కాగితాలు చూపించారు. చూశాకే పనిలో చేరాను.

నా పని తుప్పు వదిలించడం, చెదలు తిన్న కర్రలో మైనం నింపడం, ఇత్తడి బిళ్లల మీద అక్షరాలు పోకుండా మురికి తీయడం. మెరిసేలా తోమకూడదు. తోమితే దాని వయసు పోతుంది. వాటికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఏ తుపాకి చేతికి వచ్చినా, అది ఎంత పాతదైనా, ముందు గొట్టం ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఇవి నోటి నుంచి మందు కూరే తుపాకులు. సన్నని కర్రను నోట్లోంచి అడుగు తగిలేదాకా దింపి, గొట్టం అంచు దగ్గర గీత పెడతాం. ఆ కర్రనే గొట్టం పక్కన బయట ఆనించి చూస్తాం. వెనక చివరిదాకా రావాలి. రాకుండా మధ్యలోనే ఆగితే లోపల ఏదో ఉన్నట్టు.

ఆగస్టు మూడో వారంలో వంశం తుపాకుల్లో పెద్దదాన్ని గోడ మీంచి దించాను. రఘునందన్ రెడ్డి గారి ముత్తాత నిజాం ఫౌజులో సిపాయిగా ఉన్నప్పటిదని చెబుతారు. ఇంట్లో దాన్ని తాత అని పిలుస్తారు. కర్ర దింపి చూస్తే జానెడు తక్కువ వచ్చింది. మళ్లీ చూశాను. అంతే వచ్చింది. రెండో దాన్నీ చూశాను. అందులో కూడా కర్ర ముందే ఆగింది.

అప్పుడు హాలులో రఘునందన్ రెడ్డి గారు, ఆయన తల్లి వజ్రమ్మ గారు ఉన్నారు. సార్, రెండూ నిండి ఉన్నయి అని చెప్పాను. వజ్రమ్మ గారు నవ్వి, నన్ను దగ్గరికి పిలిచి చెప్పారు.

"ఉండక ఏం జేస్తయ్ బిడ్డా? ఏడాదికోపాలి పండుగొస్తది. మనం మటన్ తినంగ తాతకు ఉపాసమేనా?"

దసరా నాడు ఆయుధాలకు పూజ చేశాక రెండు తుపాకుల నోట్లో చిటికెడు మందు పోసి, పైన పసుపులో ముంచిన గుడ్డ పీలిక కూరుతారట. ఆమె కోడలిగా వచ్చినప్పటి నుంచి చేస్తున్నారట, అంతకు ముందు ఆమె అత్తగారు చేసేవారట. తుపాకి నోరు ఉత్తగా ఉంటే ఇంటికి మంచిది కాదట. మొదట్లో క్వారీలో రాళ్లు పేల్చే మందు దొరికేదని, అది బందయినంక నిరుటి దీపావళికి మిగిలిన పటాకులు విప్పి పోస్తున్నామని చెప్పారు. ఎప్పుడూ తీయలేదా అని అడిగాను. తాత పెద్ద కడుపోడు, అన్నీ అరాయించుకుంటడు అన్నారు. చిన్నప్పుడు పీలిక కూరడానికి రఘు, వాళ్ల అక్క కొట్లాడుకునేటోళ్లని, రఘుదే ఎప్పుడూ గెలుపని కూడా చెప్పారు. అంటే గొట్టంలో ఏముందో రఘునందన్ రెడ్డి గారికి చిన్నప్పటి నుంచి తెలుసు. ఈ మాట విడిగా రాయమని కోరుతున్నాను. ఆయనకు తెలుసు.

అమ్మా, నువ్వు లోపలికి పో అని ఆయన ఆమెను పంపించారు. ఇందులో మందు ఉంది, నీళ్లు పోసి నానబెట్టాలి, పోలీసులకు చెప్పి తెలిసినవాళ్లతో తీయించాలి, అప్పటిదాకా వీటిని నిప్పు దగ్గరికి తేవొద్దు అని నేను చెప్పాను. స్పష్టంగా చెప్పాను. ఆయన నవ్వారు.

"గది బూడిదనే ఉంటదిప్పుడు. నువ్వు చదివింది చరిత్రనా, సైన్సా?"

రెండూ అవసరమే సార్ అన్నాను. పండుగ ముందు ఆయుధంలో నీళ్లు పోస్తే అమ్మ ఊకోదు, పండుగ దాటనియ్యి అన్నారు. సరేనని రెండు తుపాకులనూ దుప్పట్లో చుట్టి చెక్కపెట్టెలో పెట్టాను. డ్రైవర్ పరమేశ్వర్ అన్నకు కూడా చెప్పాను, ఆ పెట్టె దగ్గర బీడీ ముట్టించొద్దని. తాతకు దగ్గొస్తదా అని ఎగతాళి చేశాడు. చేసినా, ఆ తర్వాత బయటికి వెళ్లే తాగేవాడు.

దసరా అయిపోయింది. మళ్లీ అడిగితే చూద్దాం అన్నారు. పదో తేదీ శుక్రవారం నాడు ఆయనే నన్ను పిలిచారు. ఆదివారం నగరం నుంచి తుపాకులు సేకరించేవాళ్లు కొందరు వస్తున్నారని, తాత గొట్టం అడుగున తయారుచేసినవాళ్ల ముద్ర ఉండాలని, అది చూపించాలంటే గొట్టాన్ని తుపాకి కర్ర నుంచి విడదీయాలని చెప్పారు. మరలు తుప్పుపట్టి తిరగడం లేదు. కాస్త వేడి పెడితే వస్తాయి గదా అన్నారు. వద్దు అన్నాను. ముందు ఖాళీ చేయించాలి, అది అయ్యేదాకా వేడి అనే మాటే వద్దు అన్నాను. ఆయన సరే అన్నారు. సరే అనే అన్నారు. నేను నమ్మాను.

మరునాడు ఉదయం పది గంటలకు తేనెమైనం కావాలని నన్ను హయత్‌నగర్ పంపించారు. మైనం డబ్బాలో సగం ఇంకా ఉంది. ఆ మాట చెప్పాను కూడా. రేపు అందరూ వస్తున్నరు, ఎక్కువే ఉండనియ్యి అన్నారు. నేను హయత్‌నగర్‌లో దుకాణంలో ఉండగా, సుమారు పన్నెండున్నరకు పరమేశ్వర్ అన్న ఫోన్ చేశాడు. మీ అన్నను కారులో దవాఖానకు తీసుకపోతున్న, నువ్వు సీదా గాడికే రా అన్నాడు. మా అన్న ఆ ఇంటికి ఎందుకు వెళ్లాడో నాకు అప్పటికి తెలియదు. అంతకు ముందు ఎన్నడూ వెళ్లలేదు.

మా అన్న సయీద్‌కు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర వెల్డింగ్ దుకాణం ఉంది. అబ్బా పోయాక ఏడో తరగతిలో బడి మానేసి ఆ పనిలో చేరాడు. బండి పెట్రోల్ ట్యాంకుకు చిల్లు పడితే ముందు నిండా నీళ్లు పోసి, అప్పుడే మంట పెడతాడు. తొందరపెట్టేవాళ్లను వేరే దుకాణం చూసుకొమ్మంటాడు. అతను అడగకుండా మంట పెట్టే మనిషి కాదు. ఆ రోజు కూడా అడిగాడు.

అన్నకు ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి. కుడికన్ను ఉంటుందో పోతుందో డాక్టర్లు ఇంకా చెప్పలేదు. ఆదివారం సాయంత్రం మాట్లాడగలిగినప్పుడు నాకు జరిగింది చెప్పాడు. పరమేశ్వర్ దుకాణానికి వచ్చి, గ్యాస్ సిలిండర్, మంట పెట్టే టార్చి కారులో పెట్టించుకొని తీసుకెళ్లాడు. తుపాకిని చూడగానే, సార్, ఇది ఖాళీగనే ఉన్నదా అని అన్న అడిగాడు. ఉన్నది అన్నాడు రఘునందన్ రెడ్డి. అన్న మళ్లీ అడిగాడు. నీళ్లు పోసి చేద్దామా అన్నాడు. అప్పుడు రఘునందన్ రెడ్డి ఇచ్చిన జవాబు ఇది.

"మీ చెల్లెనే చూసింది. ఖాళీ అన్నది. ఎం.ఏ. చదివిన పిల్ల మీద నీకు నమ్మకం లేదా?"

అన్న టార్చి వెలిగించాడు.

ఇక్కడి నుంచి నేను అతన్ని గారు అనలేను. అలాగే రాయండి.

దవాఖాన మంచం మీద అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నీకు తెలుసా అని కూడా అడగలేదు. "నువ్వు చూసినవంటే ఇంగేం అడుగుత బుష్రా" అన్నాడు, అంతే. నేను ఖాళీ అనలేదు భాయ్, నిండి ఉందని చెప్పిన అన్నాను. అతను కట్టు లేని కన్నుతో పైన తిరిగే ఫ్యాను చూస్తూ ఉన్నాడు.

సోమవారం నాడు మా అన్న మీద కేసు పెట్టారని తెలిసింది. సయీద్ పేలుడు మందు వెంట తెచ్చుకొని, యజమానికి తెలియకుండా పాత తుపాకిని నాటు తుపాకిగా మారుస్తుండగా పేలిందని రఘునందన్ రెడ్డి ఫిర్యాదు ఇచ్చాడు. పట్టపగలు, అతని హాలులో, అతని కారులో వచ్చిన మనిషి, అతనికి తెలియకుండా. అన్న మంచం పక్కన కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టారు. ఒక చేతికి రెండు వేళ్లే మిగిలిన మనిషి ఎక్కడికి పారిపోతాడో నాకు తెలియదు. పరమేశ్వర్ ఇప్పుడు తాను గేటు దగ్గరే ఉన్నానని, లోపలి మాటలు వినలేదని చెబుతున్నాడు. వజ్రమ్మ గారిని మహేశ్వరంలో ఉన్న కూతురి ఇంటికి పంపించారు. ఆమెను పిలిచి అడగాలని కోరుతున్నాను. ఆమె అబద్ధం చెప్పరు. అందులో దాచాల్సింది ఉందని కూడా ఆమెకు తెలియదు.

ఆమె చెప్పకపోయినా ఇంకొకటి ఉంది. వంశం తుపాకుల్లో రెండోది పేలలేదు. మిగతావాటితో పాటు దాన్నీ జప్తు చేసి స్టేషన్ గదిలో పెట్టారు. అందులో మందు ఉందని ఎస్.ఐ. గారికి చెప్పాను. ముందు నీ సంగతి చెప్పు అన్నారు. దాన్ని ఎండలో పెట్టొద్దు, కొట్టొద్దు, తెలిసినవాళ్లతోనే విప్పించాలి. విప్పితే పసుపు గుడ్డ పీలికలు ఒకదాని కింద ఒకటి వస్తాయి, కింద మసిగుడ్డల్లా, పైన ఇంకా పచ్చగా. ఒక్క శనివారంలో మా అన్న అన్ని దసరాల గుడ్డలు కూరలేడు.

నా మీద ఎవరి ఒత్తిడీ లేదు కదా అని మీరు మొదట అడిగినప్పుడు నేను మాట్లాడలేదు. ఉంది. నిన్న మధ్యాహ్నం రఘునందన్ రెడ్డి దవాఖానకు వచ్చాడు. పళ్లు తెచ్చాడు. వరండాలోకి పిలిచి, నువ్వే చూసి ఖాళీ అన్నవని, పొరపాటు జరిగిందని జడ్జి ముందు చెప్పు, మీ అన్న మీద కేసు వాపస్ తీసుకుంట అన్నాడు. చిన్న పొరపాటే గదా, చిన్న పిల్లవి, నిన్ను ఎవరూ ఏమనరు అన్నాడు. నేను పొరపాటు చేయలేదు. నాకు వచ్చిన పని నేను సరిగ్గా చేశాను. మా ఇంట్లో మొదటిసారి ఒకరు చదువుకుంటే, ఆ చదువు పేరు చెప్పి మా అన్న చేత మంట పెట్టించాడు. ఇప్పుడు అదే అబద్ధం నా నోటితో చెప్పమంటున్నాడు.

నేను కుదరదన్నాను. అతను వెళ్లి ఆ మాటలే మా అమ్మీతో చెప్పాడు. రాత్రంతా అమ్మీ నన్ను బతిమాలింది. "ఒక్క మాట బేటీ. నీ ఒక్క మాటకు నా కొడుకు ఇంటికొస్తడు" అంది. నా కాళ్లు పట్టుకుంది. తల్లి కాళ్లు పట్టుకుంటే ఎలా ఉంటుందో రాయడానికి కాగితంలో గడి ఉండదు. సయీద్‌ను అడుగుదామన్నాను. ఉదయం ఇద్దరం వెళ్లి అడిగాం. అతను అమ్మీ వైపు తిరిగి, చెల్లె ఖాళీ అన్నదంటే నా చెయ్యి చెల్లె తీసినట్టు అయితది అమ్మీ, నాకది వద్దు అన్నాడు. అమ్మీ నాతో పాటు బస్సెక్కి వచ్చింది. దారిలో రెండుసార్లు నా చేయి పట్టుకుంది. నేను ఆ ఒక్క మాట చెబుతాననే ఆమె ఇంకా అనుకుంటోంది.

ఆ తుపాకి ఖాళీగా ఉందని నేను రఘునందన్ రెడ్డికి చెప్పలేదు. మా అన్నకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నిండి ఉందనే చెప్పాను. ఎన్నిసార్లు అడిగినా, ఎవరు అడిగినా ఇదే చెబుతాను. పైన రాసింది నేనే ఒక్కో వాక్యం చదువుకున్నాను, నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. అమ్మీ బయట బెంచీ మీద ఉంది. సంతకం చేశాక వెళ్లి, నేను ఏం చెప్పానో ఆమెకు చెప్పాలి.

(సంతకం)
షేక్ బుష్రా