ఐదో మనిషి

వేదిక మీదున్న అధ్యక్షులవారికీ, కార్యవర్గంలోని పెద్దలకీ, ఏళ్ళ తరబడి మా సంస్థకి చేయూతనిస్తున్న దాతలకీ, నాతో పాటు ఎండలో వానలో తిరిగిన తోటి ఉద్యోగులకీ, ముందు చెప్పాల్సింది పోయి చివర చెబుతున్నాను గానీ, వెనక వరసల్లో ఒదిగి కూర్చున్న మన గుంపుల అక్కచెల్లెళ్ళకీ నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. ఎవరూ ఏమీ అనరు. అంటే నేనున్నాను, ఇంకాసేపు నా ఉద్యోగం ఉంది. (నవ్వులు)

ఇందాకటి నుంచి వక్తలు నన్ను పొగుడుతుంటే ఎవరి గురించా అని నేనూ చెవులు రిక్కించి విన్నాను. సౌమ్యురాలినట, ఎవరేమన్నా ఎదురు చెప్పనట. మా ఆయన మూడో వరసలో కూర్చుని అదేపనిగా దగ్గుతున్నారు, ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు. (నవ్వులు) ఇవాళ రిటైరై వెళ్ళేముందు ఆ మంచిపేరు కాస్తా పోగొట్టుకునే వెళ్తాను.

చిన్న చిన్న అప్పులిచ్చి పేద ఆడవాళ్ళని సొంత పనిలో నిలబెట్టే సంస్థ మనది. ఐదుగురు గుంపుగా చేరి ఒకరికొకరు పూచీ ఉంటే చాలు, ఇల్లు తాకట్టు పెట్టమనీ బంగారం తెమ్మనీ అడగం. ఈ పనిలో చేరిన నాటి నుంచీ దయగల పెద్దలు నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "మేమెలా సాయం చెయ్యాలండీ?" అడుగుతారు, జవాబు వినకుండా కుట్టుమిషన్లు పంపిస్తారు.

మందుల షాపు పెద్దాయన ఇక్కడే ఉన్నారు, ఆయన్ని ముందే క్షమించమంటున్నాను. మహా మంచి మనసుతో ఆయన చేపలమ్మేవాళ్ళ వీధికి లారీడు కుట్టుమిషన్లు పంపారు. ఆ వీధిలో కుట్టుపని చేసేవాళ్ళు మచ్చుకైనా లేరు. నెల తిరక్కుండా మిషన్ల మీద చేపల గంపలు వెలిశాయి, నిలబడి అమ్ముకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయిందట. (నవ్వులు) ఆయన చూడ్డానికి వస్తే మా చేపలక్క మొహమాటం లేకుండా, "బాబుగారూ, వీధంతా కుట్టేవాళ్ళమే అయితే కుట్టించుకునేదెవరు?" అంది. ఇంకొకరైతే అలిగి వెళ్ళిపోయేవారు. ఆయన "అయితే ఏం కావాలమ్మా?" అని అడిగి, ఆగి విన్నారు. అప్పట్నుంచి మా ఆఫీసు అద్దె, మా సైకిళ్ళ పంక్చర్లు ఆయన ఖర్చే. అద్దె రసీదు మీద దాత పేరు చెక్కించలేం కదా, అందుకే దానికి ఎవరూ ముందుకు రారు. సాయం ఎలా చెయ్యాలని అడిగేవాళ్ళకి నేను ఆయన్నే చూపిస్తాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గుంపులో ఐదుగురు లేకపోతే ఇంటి మగమనిషి సంతకం తేవాలని పోయిన నెల కార్యవర్గం కొత్త నిబంధన పెట్టింది. అధ్యక్షులవారు బ్యాంకులో తల పండినవారు, జాగ్రత్తపరులు, వారి ఉద్దేశం చెడ్డదని నేననను. నిబంధన మాత్రం చెడ్డది. ఈ మాట సమావేశంలోనే అన్నాను, ఎవరూ పట్టించుకోలేదు. అందుకని ఇప్పుడు మైకులో అంటున్నాను.

అదుగో, తలుపు పక్కన నిలబడ్డ ఇస్త్రీ అక్కని చూడండి. దుప్పట్లూ, డాక్టర్ల కోట్లూ ఇస్త్రీకి ఇస్తామని ఆసుపత్రివాళ్ళు ఆవిడతో అన్నారు, పెద్ద ఇస్త్రీ యంత్రం ఉంటేనే. వచ్చే వారం ముగిసేలోగా అప్పు చేతికి రాకపోతే ఆ పని ఇంకొకరి పాలవుతుంది. ఆవిడ గుంపులో ఐదో మనిషి కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఇంకొకర్ని వెతుకుతూ వీధంతా తిరిగాం, అందరూ ఇప్పటికే ఏదో ఒక గుంపులో ఉన్నారు. సరే, నిబంధన ప్రకారం మొగుణ్ణి సంతకం అడిగింది. ఆయన సంతకానికి ధర చెప్పాడు. వచ్చిన అప్పులో సగం తన చేతిలో పెడితే చేస్తాడట. ఇన్నేళ్ళలో మన సంస్థ ఏనాడూ అంత వడ్డీ తీసుకోలేదు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు గానీ, అది వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. తన చెమటతో తీర్చబోయే అప్పుకి, ఏనాడూ ఇస్త్రీ పెట్టె ముట్టుకోని మనిషి దగ్గర అనుమతి కొనుక్కోమని చెప్పింది మనమే కదండీ.

"నువ్వే ఆ ఐదో మనిషివి కారాదూ?" అన్నారు మా ఆయన. ఉద్యోగులు గుంపుల్లో చేరకూడదు, అదీ మన నిబంధనే, అది మంచిదే. అయితే నా ఉద్యోగం ఈ సాయంత్రం ఐదింటితో సరి.

వెళ్ళి ఆ నలుగుర్నీ అడిగాను. సంబరపడిపోతారనుకున్నాను. ఇస్త్రీ అక్క నన్ను ఎగాదిగా చూసి, "మీకేం పని వచ్చు మేడమ్? రేపు మీరు అప్పు తీసుకుని ఎగ్గొడితే మేం కట్టాలి కదా," అంది. (నవ్వులు) నిజమే, అడగాల్సిన ప్రశ్నే. మా నాన్న పుస్తకాలకి అట్టలు కట్టేవాడు, ఆ పని నాకూ వచ్చన్నాను. ఒక పాత పుస్తకం తెచ్చి నా ముందు పడేశారు. కట్టి చూపించాను. నలుగురూ తిప్పి తిప్పి చూసి, గట్టిగా లాగి, "సరే, చూద్దాం," అన్నారు.

ఈ హాల్లో బాగా చదువుకున్న ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయం ఎలా చెయ్యాలని మీలో చాలామంది నన్నడిగారు. చెబుతున్నాను, ఊళ్ళో నలుగురే మిగిలిన గుంపులు ఇంకా ఉన్నాయి. వెళ్ళి ఐదో మనిషిగా చేర్చుకోమని అడగండి. దానం ఇచ్చినంత తేలిక కాదు, గుంపులో ఒకావిడ కట్టలేకపోతే మీరు కట్టాలి, మీరు కట్టలేకపోతే ఆవిడ కడుతుంది. వాళ్ళు మిమ్మల్ని వద్దనొచ్చు కూడా. వద్దంటే ఊరుకోకండి, ఏదైనా పని నేర్చుకుని మళ్ళీ వెళ్ళండి.

త్వరగా ముగించమని అధ్యక్షులవారు ఇందాకే చీటీ పంపారు. మన్నించాలి, ఐదు దాటేదాకా సాగదీయాలనే ఇంతసేపూ మాట్లాడాను. (నవ్వులు, చప్పట్లు)

దాటింది. ఇదుగో ఇస్త్రీ అక్క అప్పు దరఖాస్తు, కింద నాలుగు సంతకాలున్నాయి. మీరు బహూకరించిన కలంతో ఐదోది నేను పెడుతున్నాను. (సంతకం చేశారు) పెట్టాను. అధ్యక్షులవారూ, మీ నిబంధన ప్రకారం ఇక లోటేమీ లేదు. సోమవారం మీ ఆఫీసు తలుపు తీసేసరికి ఐదుగురం వరసలో ఉంటాం. నన్ను ఇంతకాలం భరించిన మీ అందరికీ, నిన్న నన్ను తమలో కలుపుకున్న ఆ నలుగురికీ కృతజ్ఞతలు.

ఇక సెలవు.