శుక్రవారం సంతకాలు

"ఐదే ఐదు నిమిషాలు మావయ్యా! కళ్ళకు గంతలు కట్టినా ఈ మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్‌ని లేపేస్తా," అని కుర్ర ఆపరేటర్ కోతలు కోసి అప్పటికి రెండు గంటలైంది. కరెంటు పోయి ఆగిన ఆ పెద్ద కంప్యూటరు లేచింది గానీ, దానికి కలిపిన కొత్త టికెట్ కౌంటర్లు లేవలేదు.

"నువ్వు చేరకముందు ఎలా ఉండేదో అలా లేచిందేంట్రా? ఈ ఏడాది కలిపిన నలభై కౌంటర్లు ఏ గంగలో కలిశాయి?"

"దానికి మతిమరుపు మావయ్యా. వయసైపోయింది."

"నోర్ముయ్! బయట జనం అద్దాలు పగలగొట్టేలా ఉన్నారు. నిన్ను ఉద్యోగంలో పెట్టించినందుకు పైవాళ్ళు నన్ను నిలబెట్టి కడిగేస్తున్నారు. కన్సోల్‌లో చేసిన మార్పులు మెషీను ఆగితే పోతాయి, ప్రతి శుక్రవారం ఫైల్లో సేవ్ చేసి సంతకం పెట్టమన్నానా లేదా?"

"పెట్టాను. రిజిస్టర్ చూసుకో. ఒక్క వారం తప్పినా చెవి కోసుకుంటా."

మావయ్య పళ్ళు నూరుతూ పేజీలు తిప్పాడు.

"నిజమేరా. ఒక్కటీ తప్పలేదు. వచ్చే నెల శుక్రవారాలకి కూడా పెట్టేశావు!"

కుర్రాడు రిజిస్టర్ లాక్కోబోయాడు.

"చెప్పి చావు!"

"ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలేదు మావయ్యా. రిజిస్టర్ ఇచ్చిన రోజే కూర్చుని చివరి పేజీ దాకా సంతకాలు పెట్టేశా. నాలుగు రోజులు చెయ్యి పైకి లేవలేదు, తెలుసా?"