రబ్బీ గారి గైర్హాజరు

సొంత బిల్లుకి తనే ఓటు వెయ్యలేదమ్మా ఆవిడ. అదీ జరిగింది. అటు నలభై ఒకటి, ఇటు నలభై ఒకటి. సమానమైతే బిల్లు పోయినట్టే. కావలసిన ఆ ఒక్క ఓటూ యోఖెవెద్ అల్కలాయ్‌ది. ఆవిడేమో పార్లమెంటు సభ జరుగుతుంటే నా ఎదురు కుర్చీలో కూచుని చల్లారిపోయిన టీ తాగుతోంది. ఫొటోలో ఎవరని అడిగావు గనక చెప్తున్నా, ఎఫ్రాత్. ఇప్పుడందరూ పోయారు, చెప్పొచ్చు. ఆ పక్కన పొట్టి జుట్టుదాన్ని నేనే, నవ్వకు. పదకొండేళ్ళు ఆవిడ ఆఫీసు చూశాను, ఫోన్లు, కాగితాలు, తిట్ల ఉత్తరాలు. అవి మహా వచ్చేవిలే. గెలిచిన కొత్తలోనే సభలో లేచి చెప్పేసింది కదా, "మా ఇంట్లో ఉండేది తిర్జా. పత్రికల వాళ్ళు స్నేహితురాలని రాయకండి, మేమిద్దరం కాపురం చేస్తున్నాం" అని. హైఫాలో లెక్కలు చెప్పిన టీచరు, తప్పు రాస్తే ఊరుకోదు. ఏం చెప్తున్నా? ఆ, బిల్లు.

తిర్జాకి గుండె ఆపరేషను చెయ్యాలన్నారు. ఆస్పత్రి కౌంటర్లో అమ్మాయి, "పేషెంటుకి మీరేమవుతారు?" అంది. "పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇల్లు." "అలాంటి గడి ఇందులో లేదండీ. అన్నదమ్ములుంటే పిలిపించండి, సంతకం వాళ్ళు చెయ్యాలి." తిర్జా వాళ్ళన్నేమో వీళ్ళిద్దరి గుమ్మం తొక్కనివాడు. ఇలాంటి జంటలకి ఆస్పత్రిలో ఇంటి మనిషి హక్కు ఇవ్వాలనే ఆ బిల్లు పెట్టింది. మరెందుకు వెయ్యలేదంటావా? అక్కడొక పద్ధతుంది. అటువైపు సభ్యుడు రాలేకపోతే ఇటువైపు ఒకరు జతగా ఓటు మానేస్తారు, తూకం సరిపోతుంది. కాగితం లేదు, సంతకం లేదు, మాటే. ఓ సోమవారం నడవాలో రబ్బీ షుక్రున్ ఎదురయ్యాడు. యూదుల మతగురువు, మతం పార్టీ మనిషి, ఆడదాంతో కాపురం సొదొమ పాపం అని ఆవిణ్ణి అనకుండా ఏ ప్రసంగమూ ముగించడు. ఆడవాళ్ళ మొహం చూడడు గనక గోడ గడియారంతో మాట్లాడాడు. "బుధవారం మా ఆవిణ్ణి ఆస్పత్రిలో చేర్చాలమ్మా. జత దొరక్కపోతే మావాళ్ళు కదలనివ్వరు." ఆస్పత్రి అనగానే యోఖెవెద్ సరేనంది, ఆ రోజు బిల్లుల జాబితా చూసుకోకుండా. ఆ బుధవారానికే తన బిల్లు జరిపారని సాయంత్రం నేను చెబితే తెలిసింది. "వెళ్ళి ఓటెయ్యండి, ఆయనేం కోర్టుకెళ్తాడా?" అన్నాను. "వాళ్ళావిడ పక్కన ఆయన్ని కూచోనీ" అంది. మూడు రోజులు నేనావిడతో మాట్లాడలేదు.

మళ్ళీ పెట్టాలంటే ఆర్నెల్లాగాలి. తిర్జాని మాత్రల మీద నెట్టుకొచ్చారు, ఆపరేషను పస్కా పండగ వెళ్ళాక అన్నారు. పండగకి ముందు బిల్లు వచ్చింది. రబ్బీ ఈసారి జత అడగలేదు, పొద్దున సభలో ఉన్నాడు కూడా. తీరా ఓటింగు గంట మోగేసరికి కుర్చీ ఖాళీ. వాళ్ళ పార్టీవాళ్ళు "రబ్బీ ఏడీ, రబ్బీ ఏడీ" అంటూ నడవాలన్నీ తిరిగారు. నలభై మూడు, నలభై రెండు. గెలిచాం. ఆవిడ బూట్లు విప్పేసి కాళ్ళు చాపుకుని, "ఇంక సంతకం నాదే" అంది, పదిసార్లంది. పావుగంటకి క్యాంటీను వైపునుంచి వచ్చాడు రబ్బీ, గడ్డం నిండా తిన్న బురేకా పఫ్ పొట్టు. వాళ్ళ నాయకుడు తిట్టి దులిపేస్తుంటే, "గంట వినపడలేదు నాయనా, ముసలి చెవులు" అన్నాడు. ఏం చెవులు? నడవా ఆ చివర మనం గొణుక్కుంటే ఈ చివర జవాబు చెప్పేవాడు.

మావాళ్ళకి అనుమానమొచ్చింది. "రబ్బీయే మనకి సాయపడ్డాడని పత్రికలకి చెప్పు యోఖెవెద్, వాళ్ళ పార్టీలో చిచ్చు రేగుతుంది, మనకి నాలుగు సీట్లు వస్తాయి." "ఆయనకి గంట వినపడలేదు, నాకు తెలిసిందంతే" అంది. మరుసటి వారం ఆయన లేచి మళ్ళీ సొదొమ అన్నాడు. ఇప్పుడైనా చెప్పండన్నాను నేను. యోఖెవెద్ వెళ్ళి తిర్జా ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టింది, ఆవిణ్ణి ఇంటికి తెచ్చుకుంది. తర్వాతి ఎన్నికల్లో ఓడిపోతున్నప్పుడూ చెప్పలేదు. రబ్బీ పోయినప్పుడు, ఇంక పరవాలేదుగా అన్నాను. "వాళ్ళావిడ ఉంది కదే, ఆ మతం మనుషుల వీధిలోనే బతకాలి" అంది. తను పోయేదాకా చెప్పలేదు.